ఎంజీబీ జంట ఎస్‌యూ కార్బొరేటర్లు: ముందటి ప్లగ్గులు తెల్లగ, వెనకవి మసి. ఏంది కారణం?

నల్గొండ_రోడ్‌స్టర్
బండి 1967 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 కార్బొరేటర్లు, పాత రకం ఫిక్స్‌డ్ నీడిళ్లు (జెట్‌ల ఆడే సూదులు). పొద్దున చోక్ గుంజితే వెంటనే అందుకుంటది. వేడెక్కినంక స్లోల వణుకుడు మొదలైతది, ముందటి కార్బొరేటర్ మధ్యమధ్యన ‘ఠప్’మని దగ్గుతది. ప్లగ్గులు (బీపీ6ఈఎస్) ఇప్పి చూస్తే 1, 2 తెల్లగ, 3, 4 మసి. వెనక జెట్ (పెట్రోలు ఊరే గొట్టం) నట్టు నాలుగు పలకలు (ఆరు పలకలకు ఒక చుట్టు) పైకి ఎక్కించినా తేడా రాలే. హైవే మీద 80ల పోతే మంచిగనే ఉంటది, టోల్ గేటు కాడ ఆగితే బంద్ పడుతది. ఫ్యూయల్ పంపు కొత్తది, బజారుల దొరికే ఎలక్ట్రిక్ పంపు. బ్యాలెన్సు చేసే మీటర్ కొనాల్నా, రబ్బరు పైపు చెవికి పెట్టుకుంటే సరిపోతదా?

పాలమూరు_పానా
మీటర్ సంగతి తర్వాత. ముందుగాల ఆ నట్లు తిప్పుడు ఆపు తమ్మీ. నాలుగు పలకలు ఎక్కించినా తేడా రాలేదంటే ఆ కార్బొరేటర్‌ల పెట్రోలు మోతాదు నట్టు చేతిల లేదు. రెండే కారణాలు. ఫ్లోట్ చాంబర్ (పెట్రోలు నిలువ ఉండే గిన్నె) నిండి పెట్రోలు జెట్ మీదికెళ్లి పొర్లుతున్నది, లేకుంటే చోక్ లింకు పట్టేసి జెట్ కిందనే ఇరుక్కున్నది. జెట్ పైకి వచ్చి నట్టుకు ఆనకపోతే నట్టు ఎంత తిప్పినా దండగే. చోక్ పూర్తిగ లోపలికి నెట్టి, జెట్‌ను కింది నుంచి వేలుతోని పైకి ఒత్తి చూడు. ఏ మాత్రం పైకి కదిలినా జెట్ ఇరుక్కున్నట్టే.

ఈ ఇంజిన్ హెడ్‌కు ఇన్‌టేక్ దారులు రెండే. ముందటి కార్బొరేటర్ 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4కు, మధ్యల బ్యాలెన్స్ పైపు. నీ ప్లగ్గులు జంటలు జంటలుగ తేడా చూపిస్తున్నయ్ కాబట్టి లోపం కార్బొరేటర్ల దిక్కే. ఒక్క ప్లగ్గే నల్లగుంటే వైరు, ట్యాపెట్, వాల్వ్ దారి ఆయిల్, వీటి మీద అనుమానపడాలె.

అయినా ఇవి కొలవకుండ ముందుకు పోవద్దు. ట్యాపెట్లు ఇంజిన్ చల్లగున్నప్పుడు 0.015 అంగుళం. సీబీ పాయింట్ (డిస్ట్రిబ్యూటర్‌ల కాంటాక్ట్ బ్రేకర్) సందు కూడ 0.015. ప్లగ్ గ్యాప్ 0.025. హై కంప్రెషన్ ఇంజిన్‌కు టైమింగ్ స్టాటిక్ (ఇంజిన్ ఆపి చూసేది) 10 డిగ్రీలు. కంప్రెషన్ నాలుగింటికి, థ్రాటిల్ మొత్తం తెరిచి. ఆఖరుకు పంపు ప్రెషర్, అసలు నేనైతే దాన్నే మొదలు చూస్త. ఎస్‌యూ ఫ్లోట్ సూది 3 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఆపేటట్టు చేసిన వస్తువు. బజారు పంపులు 5, 6, 7 దాకా కొడుతయ్.

ఇంకోటి. 1967 మార్క్ 1 అంటే ఎవరూ మార్చకుంటే బండి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిసి ఉంటది. ఎలక్ట్రానిక్ పంపు గాని టైమింగ్ లైటు గాని వైరు రంగు చూసి కలిపితే కాలిపోతది. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసిందో కండ్లతోని చూసినంకనే చెయ్యి పెట్టు.

మిర్యాల_మిల్లురోడ్
ఇన్ని తిప్పలెందుకన్నా? రెండూ పీకి అంబాసిడర్‌ది ఒక్క కార్బొరేటర్ పెట్టిస్తే ఏ షెడ్డులనైనా చూసుకుంటరు.

దేవరకొండ_డ్యాష్‌పాట్
అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజినూ ఎంజీబీది లాగే బీఎంసీ కంపెనీ బీ-సిరీసే, అందుకే అందరికీ ఈ ఆలోచన వస్తుంది. కానీ అది 1489 సీసీ. దానికి లెక్కగట్టిన గొంతు 1798 సీసీకి పెడితే ఎక్కువ ఆర్‌పీఎంలో ఊపిరందదు. పైగా రోగం పంపుదైతే ఆ ఒక్క కార్బొరేటరూ పొర్లుతుంది. ఎస్‌యూలో కదిలే భాగాలు తక్కువ, యాక్సిలరేటర్ పంపు లేదు, వేరే స్లో జెట్ లేదు. బాగుచేయడానికి ఇంతకన్నా తేలికైన కార్బొరేటర్ దొరకదు.

నల్గొండ_రోడ్‌స్టర్
అన్నీ కొలిచిన.
కంప్రెషన్: 150, 155, 150, 148 పీఎస్‌ఐ.
ట్యాపెట్లల 2, 5 బిగుసుకున్నయ్, సెట్ చేసిన. టైమింగ్, పాయింట్లు సరే.
పంపు ప్రెషర్: 6.5 పీఎస్‌ఐ!
వెనక డ్యాష్‌పాట్ (కార్బొరేటర్ మీది గిన్నె, పిస్టన్ దాంట్లనే ఆడుతది) ఇప్పి పంపు ఆన్ చేస్తే జెట్ నోట్లకెళ్లి పెట్రోలు ఊరి బ్రిడ్జి (జెట్ చుట్టున్న మెట్టు) మీదికి వస్తున్నది. ముందటిదాంట్ల అట్ల లేదు.
రెండు జెట్లూ పైదాకా వస్తున్నయ్, ఇరుకుడు లేదు.
ముందటి థ్రాటిల్ స్పిండిల్ పట్టుకొని ఊపితే లటలట ఆడుతున్నది.

సూర్యాపేట_లేత్
ఇంకేముంది, దొరికింది. వెనకది పొర్లుడు, ముందటిది గాలి పీల్చుడు. రెండింటి రోగం వేరువేరు, ఒకే స్క్రూతోని కుదరది.

స్పిండిల్‌ది పక్కా చేసుకోవాలంటే ఇంజిన్ స్లోల ఉంచి, కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే సన్న గొట్టంతోని స్పిండిల్ బాడీలకు దూరే రెండు కొసల మీద కొంచెం కొంచెం కొట్టు. ఆర్‌పీఎం మారితే గాలి అక్కడికెళ్లే పోతున్నది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కిందనే ఉంటది, అది భగభగ వేడిమీద ఉన్నప్పుడు ఈ పని వద్దు. మంట ఆర్పే సిలిండర్ పక్కన పెట్టుకో. అదే స్ప్రే కార్బొరేటర్‌కు మానిఫోల్డ్‌కు నడుమ ప్యాకింగుల మీద, బ్యాలెన్స్ పైపు కొసల మీద, బ్రేక్ సర్వో ఉంటే దాని పైపు మీద కూడ కొట్టి చూడు. ఇన్సులేటర్ ముక్కకు రెండు దిక్కులా ప్యాకింగ్ ఉండాలె. ఒక దిక్కు మరిచిపోయిన బండ్లు చాన కనపడుతయ్.

హెచ్‌ఎస్4 స్పిండిల్ 5/16 అంగుళం. మొదలు కొత్త స్పిండిల్ తెప్పించి పాత బాడీల పెట్టి చూడాలె, ఊగుడు పోతే అంతటితోని అయిపాయె. పోకపోతే బాడీని రీమ్ చేసి కంచు బుష్‌లు కొట్టాలె. రెండు దిక్కుల బుష్‌లు ఒకే గీత మీదికి రావాలంటే ఒక్క బిగింపులనే ఈ కొస నుంచి ఆ కొసకు రీమర్ పోవాలె. డ్రిల్లుతోని ఒక్కో దిక్కు వేరుగ తొలిచే లేత్ షాపుకు ఇయ్యకు, స్పిండిల్ పట్టేస్తది.

థ్రాటిల్ బిళ్ల ఇప్పే ముందు దాని మీద, బాడీ మీద గీత పెట్టు. అంచు ఏటవాలుగ కోసి ఉంటది, తిరగేసి బిగిస్తే పూర్తిగ మూసుకోదు. దాని రెండు చిన్న స్క్రూల కొసలు చీల్చి వెడల్పు చేసి ఉంటయ్. పాతవి మళ్ల వాడొద్దు, ఊడితే ఇంజిన్ లోపటికే పోతయ్. బిగించేటప్పుడు బిళ్లను మూసి, రెండుమూడు సార్లు టప్పున వదిలితే అదే నడుమకు కూర్చుంటది, అప్పుడు స్క్రూలు బిగించి కొసలు చీల్చాలె.

1968 తర్వాత కొన్ని బిళ్లల నడుమ చిన్న స్ప్రింగ్ వాల్వ్ వచ్చింది. ఆ స్ప్రింగ్ మెత్తబడితే స్లో ఆర్‌పీఎం దిగనే దిగదు. నీది 1967 గాని కార్బొరేటర్లు ఎప్పుడో మారి ఉండొచ్చు, చూసుకో. ఉంటే సాదా బిళ్ల వేయించుడే మంచిది.

పాలమూరు_పానా
వెనకదానికి: ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి 2.5 నుంచి 3కు దించు. తర్వాత చాంబర్ మూత ఇప్పి తలకిందులు చేసి పట్టుకో. సూది సీటు మీద కూర్చున్నప్పుడు లివర్‌కు మూత అంచుకు నడుమ 1/8 నుంచి 3/16 అంగుళం సందు ఉండాలె. 1/8 డ్రిల్ బిట్ దూరాలె, 3/16ది దూరొద్దు. సూది కోన మీద గీత పడితే సీటుతోసహ మార్చు, సూది ఒక్కటే మార్చుడు పనికిరాదు. నైలాన్ ఫ్లోట్‌ను చెవి కాడ ఊపి చూడు, లోపట పెట్రోలు చప్పుడైతే చెత్తబుట్టలెయ్. రెండు చాంబర్లకు ఒకే కొలత పెట్టాలె.

దేవరకొండ_డ్యాష్‌పాట్
ఆ రెండు పనులూ అయ్యాకే ట్యూనింగ్. వరుస తప్పితే మొదటికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

డ్యాష్‌పాట్లు విప్పేటప్పుడు ముందటిది ముందటిదాన్లోకే, వెనకది వెనకదాన్లోకే. పిస్టన్, పై గిన్నె జతగా కొలత చూసి చేసినవి, మార్చుకోకూడదు. లోపల పెట్రోలుతో కడిగి గుడ్డతో తుడవడమే, ఎమరీ పేపర్ ముట్టించొద్దు. పిస్టన్ కడ్డీకి ఒక చుక్క నూనె, మిగతాదంతా పొడిగా ఉండాలి. పిస్టన్ అడుగు రంధ్రాలను మైనపు ముద్దతో మూసి, గిన్నె లోపలి స్ప్రింగ్ వేయకుండా, ఆయిల్ పోయకుండా డ్యాంపర్ (ఆయిల్‌లో ఆడే చిన్న కడ్డీ) బిగించి, తిరగేసి పట్టుకుంటే గిన్నె జారడానికి 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. ఒకటి 6, ఇంకోటి 3 అంటే ఆ జంట ఎప్పటికీ కలిసి పాడదు. నీడిల్ భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి, రెండింటి నీడిల్ గుర్తూ ఒకటే అయి ఉండాలి.

మీవి ఫిక్స్‌డ్ నీడిళ్లు కాబట్టి జెట్‌ను నడిమికి తేవాలి. జెట్ లింకు విప్పి, సర్దే నట్టును స్ప్రింగ్ తీసేసి పైకంటా ఎక్కించి, పైన ఉన్న పెద్ద లాక్ నట్టును వేలితో తిరిగేంత వదులు చేయండి. జెట్‌ను పైకి నెట్టి పట్టుకుని, డ్యాంపర్ గుంట నుంచి పెన్సిల్‌తో పిస్టన్‌ను మెల్లగా కిందికి ఒత్తి, అలాగే పట్టి లాక్ నట్టు బిగించండి. పిస్టన్‌ను ఎత్తి వదిలితే బ్రిడ్జి మీద ‘టక్’మని స్పష్టంగా పడాలి. జెట్ పైన ఉన్నప్పుడూ, పూర్తిగా దించినప్పుడూ చప్పుడు ఒకేలా ఉండాలి. దించినప్పుడు చప్పుడు గట్టిగా, పైన ఉన్నప్పుడు మెత్తగా ఉంటే నీడిల్ రాసుకుంటోంది, మళ్లీ మొదట్నుంచి. ఈ పని విసుగు పుట్టిస్తుంది. కానీ దీన్ని వదిలేసిన బండిలో మిక్చర్ రోజుకో తీరు ఉంటుంది.

తర్వాత స్ప్రింగ్ వేసి, రెండు జెట్లనూ బ్రిడ్జితో సమం చేసి, అక్కణ్నుంచి 12 పలకలు, అంటే రెండు చుట్లు దించండి. డ్యాష్‌పాట్‌లో ఆయిల్ పోయండి. డ్యాంపర్ దించుతుంటే దాని మూత ఇంకా పావు అంగుళం పైనే ఉండగా చేతికి బిగువు తగలాలి, మట్టం అదే.

రెండు కార్బొరేటర్లను కలిపే అడ్డ కడ్డీ క్లాంపులు, చోక్ కడ్డీ క్లాంపులు అన్నీ వదులు చేయండి. ఇది చేయకుండా స్క్రూలు తిప్పితే ఒకదాన్ని తిప్పినప్పుడు రెండోదీ కదులుతుంది. ఫాస్ట్ ఐడిల్ స్క్రూలు (చోక్ లాగినప్పుడు స్లో పెంచేవి) క్యామ్‌ను తాకకూడదు. థ్రాటిల్ స్క్రూలు పూర్తిగా వెనక్కి తీసి, తగిలీ తగలనట్టు ఆనాక ఒక్కో చుట్టు లోపలికి. ఇంజిన్ వేడెక్కేదాకా నడపండి. నిలబెట్టి వేడి చేసేకన్నా 10 కిలోమీటర్లు తిప్పుకొస్తే మేలు.

ఇక గాలి. మీటర్ ఉంటే సరే, లేకుంటే రెండు అడుగుల రబ్బరు పైపు చాలు. ఫిల్టర్లు తీసి, పైపు కొసను రెండు మూతుల్లోనూ ఒకే చోట, ఒకే లోతులో పెట్టి బుస వినండి. థ్రాటిల్ స్క్రూలతో రెండు బుసలూ ఒక్కటయ్యేదాకా, ఆర్‌పీఎం 800 దగ్గర ఉండేలా సర్దండి. గాలి కుదిరాకే పెట్రోలు. రెండు నట్లనూ ఒకేసారి, ఒక్కో పలక చొప్పున తిప్పుతూ ఆర్‌పీఎం ఎక్కువ ఉండే చోటు చూడండి. తర్వాత ఒక్కోదానికి కార్బొరేటర్ పిస్టన్‌ను ఎత్తే పిన్నుతో పరీక్ష: పిస్టన్‌ను 1/32 అంగుళం మాత్రమే ఎత్తాలి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, పడిపోయి ఆగబోతే తక్కువ, రవ్వంత పెరిగి మళ్లీ మామూలైతే సరి. చాలామంది పిస్టన్‌ను అర అంగుళం ఎత్తేసి ‘ఆగిపోయింది, పెట్రోలు తక్కువ’ అనుకుంటారు. అంత ఎత్తితే ఏ బండైనా ఆగుతుంది.

బ్యాలెన్స్ పైపు వల్ల ఒకదాన్ని మారిస్తే రెండోదాని పరీక్షా మారుతుంది. అందుకే ముందు, వెనక, మళ్లీ ముందు. మిక్చర్ మారితే ఆర్‌పీఎం మారుతుంది, గాలి మళ్లీ వినాలి. మూడు నిమిషాలకు మించి స్లోలో ఉంచకండి, మధ్యలో ఒక నిమిషం 2,500కు లేపి ప్లగ్గులు శుభ్రం చేసుకోండి.

మిర్యాల_మిల్లురోడ్
డ్యాష్‌పాట్ల ఏ ఆయిల్ పొయ్యాలె? కొందరు స్టీరింగ్ ఆయిల్ అంటరు, కొందరు 20డబ్ల్యూ-50 అంటరు.

పాలమూరు_పానా
కంపెనీ చెప్పింది ఎస్‌ఏఈ 20. మన ఎండలకు ఇంజిన్‌ల పోసే 20డబ్ల్యూ-50 నడుస్తది. స్టీరింగ్ ఆయిల్ పల్చన, మే నెలల రేస్ ఇయ్యంగనే దగ్గుతది. ఈ ఆయిల్ పని రేస్ ఇచ్చినప్పుడు పిస్టన్ ఎగిరిపోకుండ ఆపి, ఆ క్షణం పెట్రోలు చిక్కగ చేసుడే. నిలకడ స్పీడుల మిక్చర్‌ను అది మార్చది. తగ్గుతుంటే ఇంజినే తాగుతున్నది, లీకు కోసం కింద వెతకకు.

జడ్చర్ల_44
ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉత్త పెట్రోలుకు గాలి 14.7 వంతులు కావాలి, ఈ20కి 13.5 దగ్గరే. అంటే అదే గాలికి 9 శాతం దాకా ఎక్కువ ఇంధనం పోవాలి. పాత పుస్తకంలోని 12 పలకలు మొదలుపెట్టడానికే, 14, 15 దగ్గర కుదిరితే ఆశ్చర్యపోవద్దు. అయితే జెట్ దించితే స్లోలో చిక్కదనం బాగా పెరుగుతుంది, పై స్పీడులో అంత పెరగదు. స్లోలో జెట్‌కు నీడిల్‌కు మధ్య సందు చాలా సన్నం కాబట్టి కొంచెం దించినా అక్కడే ఎక్కువ ప్రభావం. స్లో కుదిరి, 90 మీద ప్లగ్గులు తెల్లబడితే ఇంకా దించకండి, ఒక మెట్టు చిక్కటి నీడిల్ జత తెప్పించండి.

ఇంకో లెక్క. 15 డిగ్రీల గాలికి, 45 డిగ్రీల గాలికి సాంద్రత తేడా వల్ల మిక్చర్ దాదాపు 5 శాతం చిక్కనవుతుంది. డిసెంబరు పొద్దున సెట్ చేసినది మే మధ్యాహ్నం కొంచెం మసి పడుతుంది. సగటు వాతావరణంలో సెట్ చేసి వదిలేయండి. నల్గొండ ఎత్తు 420 మీటర్లు, మహబూబ్‌నగర్ 500కు దగ్గర. ఆ తేడాకు నట్టు తిప్పే పని లేదు.

రబ్బరు పైపులు ఇథనాల్‌కు ఓర్చే జె30 ఆర్9 రకం పెట్టించండి. పాత నల్ల పైపు లోపల పొర లేచి ముక్కలై ఫ్లోట్ సూది కింద ఇరుకుతుంది, అప్పుడు ప్రెషర్ 3 ఉన్నా పొర్లుతుంది. నెలకు మించి ఆపే బండికి పంపు వైరు తీసి చాంబర్లు ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. వానాకాలం చాంబర్ అడుగున తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు చేరినట్టే.

టోల్ గేటు దగ్గర ఆగిపోవడానికి ఒక పాలు వేడి కూడా. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఒకే పక్కన ఉన్న ఇంజిన్ ఇది. కార్బొరేటర్ వెనక రేకు మీద వేడి ఆపే పొర ఊడిపోయి ఉంటే కొత్తది అతికించండి. వేడిమీద ఆగిన బండి మళ్లీ అందుకోకపోతే చోక్ లాగొద్దు, పెడల్ పూర్తిగా తొక్కిపెట్టి స్టార్టర్ తిప్పండి. పెడల్ పదే పదే కొట్టినా లాభం లేదు, ఎస్‌యూకు యాక్సిలరేటర్ పంపు లేదు కదా.

దామరచర్ల_టూస్ట్రోక్
ఇదే పైపు పద్ధతి రాజ్‌దూత్ 350 రెండు కార్బొరేటర్లకు నడుస్తదా?

సూర్యాపేట_లేత్
అది వేరే కథ. దాంట్ల కేబుల్ గుంజే స్లైడ్లు. ఫిల్టర్ పైపులు తీసి, రెండు స్లైడ్ల కింద వేళ్లు పెట్టి, గ్రిప్ మెల్లగ తిప్పితే రెండూ ఒక్కసారే కదలాలె, కేబుల్ అడ్జస్టర్లతోని అది కుదిర్చినంకనే స్లో స్క్రూలు. తర్వాత ఆయిల్ పంపు కేబుల్ గుర్తు చూడకుంటే పిస్టన్ పట్టేస్తది.

నల్గొండ_రోడ్‌స్టర్
స్పిండిల్, బుష్‌లు అయినయ్. రెగ్యులేటర్ 2.5 మీద. స్లో 800ల నిలబడ్డది, దగ్గు పోయింది, రెండు జెట్లు 14 పలకల కాడ కుదిరినయ్. ఇప్పుడొకటే బాధ. స్లోల రెండు బుసలు సమానం, 1,500కు లేపితే వెనకది ఎక్కువ గుంజుతున్నది. ఫిల్టర్లు పెట్టినంక ముందు రెండు సిలిండర్లు రేస్ అందుకుంటలేవు.

దేవరకొండ_డ్యాష్‌పాట్
మొదటిది క్లాంపుల పని. స్లోలో స్క్రూలు చెప్పినట్టు వింటాయి, పెడల్ తొక్కాక అడ్డ కడ్డీ చెప్పినట్టు వింటాయి. రెండు థ్రాటిళ్లూ స్క్రూల మీద ఆని ఉండగా, కడ్డీ ఆగే చోట 0.012 అంగుళం ఫీలర్ పెట్టి, రెండు లివర్ల పిన్నులూ తమ ఫోర్కు కింది అంచుకు తేలిగ్గా తాకేలా చేసి క్లాంపులు బిగించండి. ఫీలర్ తీస్తే రెండు పక్కలా అదే సందు మిగలాలి. మీ బండిలో వెనక పిన్ను ముందే తగులుతోంది. బిగించేటప్పుడు కడ్డీ అటూ ఇటూ రవ్వంత జరిగేలా ఉండాలి, లేకుంటే వేడికి పట్టేస్తుంది. తర్వాత 1,500 దగ్గర మళ్లీ వినండి. చోక్ కడ్డీ కూడా అలాగే, రెండు జెట్లూ ఒక్కసారే దిగాలి. జెట్ కదలబోయే ముందు ఫాస్ట్ ఐడిల్ 1,000 నుంచి 1,100.

పాలమూరు_పానా
రెండోది నేను చెప్త. ముందటి ఫిల్టర్ ప్యాకింగ్ తిరగబడ్డది. కార్బొరేటర్ మూతి అంచు మీద బోల్టు రంధ్రాలు కాకుండ రెండు చిన్న గాలి రంధ్రాలుంటయ్, పిస్టన్ అడుగుకు గాలి వాటికెళ్లే పోతది. ప్యాకింగ్ తలకిందులైతే అవి మూసుకుంటయ్, పిస్టన్ లేవది. ప్యాకింగ్‌నూ ఫిల్టర్ పళ్లాన్నీ మూతికి ఆనించి, రెండు రంధ్రాలు తెరుచుకొని ఉన్నయో లేవో చూసి బిగించు.

నల్గొండ_రోడ్‌స్టర్
అదే, ముందటి ప్యాకింగ్ ఉల్టా ఉండె. తిప్పి పెట్టిన, ఫీలర్ పెట్టి క్లాంపులు బిగించిన. 1,500ల కూడ సమానం వస్తున్నది. ప్లగ్గులు 1, 2 ఇంకా జర లేత రంగే. ముందటి నట్టు ఒక పలక దించాల్నా?

జడ్చర్ల_44
ఇప్పుడే కాదు. పాత మసి, పాత తెలుపు పోవాలంటే కొత్త ప్లగ్గులు వేసి, సూర్యాపేట దాకా ఒకే స్పీడులో వెళ్లి, అక్కడ స్లోలో ఉంచకుండా క్లచ్ తొక్కి అలాగే ఇంజిన్ ఆపి విప్పి చూడండి. ఈ పెట్రోలుతో ముదురు గోధుమ రంగు రాదు, లేత బూడిద రంగు సరైనదే. నాలుగూ ఒకే రంగులో ఉంటే నట్టు ముట్టుకోవద్దు.

నల్గొండ_రోడ్‌స్టర్
సరే అన్నా. కొత్త సెట్ వేసి ఆదివారం పొద్దున పోయొస్త, నాలుగింటి ఫోటో పెడుత.